సంచిలో పాదం

ఆ సంచిలో కాలు ఒక్కటే ఉండాలి. దాంతోపాటు ఇంకెవరిదో చెయ్యి కూడా ఉందని కనకం అన్నప్పుడు శంకరరావు నవ్వేశాడు. నవ్వక ఏం చేస్తాడు? మే నెల. మిట్టమధ్యాహ్నం. కూలరు గుడగుడలాడుతూ తడిగాలి కొడుతోంది. గుమ్మం దగ్గర కోడలు భానుప్రియ ఆవకాయకి మామిడికాయలు తుడుస్తోంది. దయ్యాలు తిరిగే వేళా అది?

"సల్లటి సెయ్యి బావా," అంది కనకం మంచం మీద వెనక్కి వాలి. "బొటనేలు అట్టుకుంది. ఒగ్గట్నేదు."

"సల్లగా ఉంటే మంచిదే కదేటి," అన్నాడాయన.

ఈ మాట తలుచుకుని ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు నెత్తి బాదుకున్నాడో చెప్పలేను. కానీ పాపం, ఊరికే అనలేదు. ఉద్యోగం ఆయనకి నేర్పిందే అది. శంకరరావు రైల్వేలో పెట్టెలు పరీక్షించే టీఎక్సార్‌గా చేసి రిటైరయ్యాడు. బండి బిలాస్‌పూర్‌లో ఆగీ ఆగగానే పెట్టెల పక్కనే నడుచుకుంటూ పోయి, చక్రాల దగ్గరుండే యాక్సిల్ బాక్సుల మీద అరచేతిని తిరగేసి ఆనించి చూడాలి. చెయ్యి చురుక్కుమంటే ఆ పెట్టెని బండి నుంచి తప్పించాలి. చల్లగా ఉంటే బండి బయల్దేరొచ్చు. వేడంటే ప్రమాదం, చలవంటే క్షేమం. అదీ ఆయన చదివిన చదువు. ఊరి శివారు తిఫ్రాలో రెండు గదుల ఇల్లు కట్టుకుని కాళ్లు చాపుకున్నాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. పాలగిన్నె మీదా అదే చెయ్యి, టీవీ వెనకా అదే చెయ్యి. "ఈ మనిసి తాళి కట్టీముందు నా మెడ మీద కూడా సెయ్యెట్టి సూసేడు," అని కనకం నలుగురిలో వెక్కిరించేది.

కనకం ఆయనకి స్వయానా మేనమామ కూతురు. అందుకే ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా ఆ 'బావా' అనే పిలుపు. పెళ్లై విజయనగరం నుంచి రైలెక్కి వచ్చిన మనిషి, రైల్వే క్వార్టర్లోనే ఇద్దరు పిల్లల్ని కంది. బతికినవాడు శివాజీ, గూడ్సు గార్డు. నెలలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. రెండో పిల్ల సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే కనకం లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

షుగరు ఉన్న ఒంటికి కొత్త చెప్పు కరిచింది. కరిచిందని ఆమెకి తెలియను కూడా తెలియలేదు. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కదా. ఎడమ మడమ పక్కన రూపాయి బిళ్లంత పుండు పడింది. ఎన్ని పౌడర్లు జల్లారో, ఎన్ని ఆయింట్‌మెంట్లు రాశారో! రెండేళ్లయినా అది మానలేదు. అద్దె ఇవ్వకుండా తిష్ఠ వేసినవాడిలా అక్కడే ఉంది. చివరికి నెహ్రూ నగర్లో ఒక డాక్టరమ్మ ఇలాంటి పుళ్లే చూస్తుందని శివాజీ తెలుసుకొచ్చాడు. పేరు మైత్రి. బ్యాంకు మేనేజరు గారి కూతురు, మన తెలుగు పిల్లే.

ఆ పిల్ల నెమ్మదస్తురాలు. పుండు కడిగి, చచ్చిన చర్మం గీసేసి, పాదం పైన రెండు వేళ్లు పెట్టి నాడి చూసింది. "మెల్లగా ఉంది గాని ఉంది," అంది. తర్వాత ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తెచ్చింది. దాన్ని పాదానికి తొడిగి పిక్క దగ్గర మెత్తటి పట్టీతో గాలి పోకుండా బిగించాలి. చిన్న సిలిండర్ నుంచి గొట్టంతో ఆక్సిజన్ వదలాలి. సంచి కాస్త ఉబ్బుతుంది. రోజుకి గంటన్నర, వారంలో నాలుగు రోజులు, మిగతా మూడు రోజులూ విశ్రాంతి.

"పుండుకి ఊపిరి అందక మానట్లేదండీ," అంది మైత్రి. "పైనుంచి అందిద్దాం. అందరికీ పనిచేస్తుందని చెప్పను. కొందరికి బాగా పనిచేస్తుంది. దగ్గర్లో దీపం, అగరొత్తి, నూనె ఏవీ ఉండకూడదు. నెలకోసారి నాకు చూపించండి. ఈలోగా పాదం వేడెక్కినా, చల్లబడినా, రంగు మారినా ఆ రోజే తీసుకురండి."

శంకరరావు 'వేడెక్కినా' దగ్గరే తల ఊపేశాడు. ఆ పని తనది. తర్వాతి రెండు మాటలూ ఆయన చెవిన పడ్డాయో లేదో ఆ దేవుడికే తెలియాలి.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా సాగింది. బూడిద రంగులో చచ్చినట్టుండే పుండు అడుగున ఎర్రటి కొత్త కండ చిగురించింది. అంచులు లోపలికి జరిగాయి. నెలకి చూసిన మైత్రి ముఖం విప్పారింది. "ఇలాగే కానివ్వండి మామయ్యగారూ," అంది. శంకరరావు ఆటోలో ఇంటికొచ్చే దారంతా ఆ మాటే చెప్పుకున్నాడు.

ఆ తర్వాతే నవతపా రోజులు వచ్చాయి. ఏడాదిలోకెల్లా ఎండ మండిపోయే రోజులకి ఇక్కడ పెట్టుకున్న పేరది. కాకి కూడా చెట్టు దిగదు. సరిగ్గా అప్పుడే కనకం చల్లటి చెయ్యి మాట ఎత్తింది.

మర్నాడు సంచి తొడిగి గాలి వదిలాక శంకరరావు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పుండులో తడి ఉంటుంది కాబట్టి సంచి లోపల సన్నగా మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంది. రోజూ చూసేదే. ఆ రోజు ఆ ఆవిరిలో ఒకచోట తుడిచినట్టు ఖాళీ కనిపించింది. చిన్న అరచెయ్యి, ఐదు వేళ్లు. వేలు వేలుకీ మధ్య సందు కూడా తెలుస్తోంది. ఆయన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. అయినా పోలేదు. అప్పుడు తెలిసింది, అది సంచికి లోపలివైపు ఉంది.

"కనకం, కాలు కదిపేవా?"

"నేదు."

"కదిపే ఉంటావు. పాదం రాసుకుని తుడుసుకుపోనాది."

కనకం సంచివైపే చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. అదే ఆయనకి నచ్చలేదు. నిజం చెప్పాలంటే శంకరరావుకి భయమేసింది. ఆయన ఒప్పుకోడు గాని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

ఇంకో సంగతీ ఉంది. సిలిండర్ నుంచి గాలి సన్నటి ఏకధారగా సుయ్యిమంటూ రావాలి. ఆ రోజు ఆగి ఆగి వస్తోంది. కాసేపు చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ చప్పుడు. పక్కలో పడుకున్న పిల్ల ఊపిరిలా ఉంది. సంచి కూడా దానికి తగ్గట్టే ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఎక్కడో గాలి పోతోందనుకుని సబ్బు నురగ తెచ్చి అతుకులన్నిటికీ రాశాడు. బండి బ్రేకు గొట్టాలకి రాసినట్టే రాశాడు. ఒక్క బుడగా లేవలేదు. ఆఖరికి సిలిండర్ తిప్పి మూసేశాడు. గాలి ఆగిపోయింది. సంచి మాత్రం ఇంకా ఉబ్బుతూ తగ్గుతూనే ఉంది. ఓరి నాయనో అనుకుని గబగబా పట్టీ విప్పేశాడు. విప్పగానే లోపలి గాలి ఆయన మణికట్టుకి తగిలింది. మండే మే నెలలో అంత చలవ గాలి ఆయన ఎరగడు.

అలవాటు ప్రకారం చెయ్యి తిరగేసి పాదం మీద ఆనించాడు. వేళ్లు కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాడు! భయమంతా ఎగిరిపోయింది. "వేడి దిగిపోనాది. పుండు సల్లారిపోతంది," అని భానుప్రియకి చెప్పి కాఫీ పెట్టమన్నాడు. చూశారా మరి, చేతికి తెలిసిన చదువు మనిషిని ఎంత మోసం చేస్తుందో.

రోజులు గడిచేకొద్దీ చలవ పైకి పాకింది. వేళ్లు దాటి మీగాలి మీదికి వచ్చింది. కనకం ముఖం రోజురోజుకీ కళకళలాడింది. నొప్పి లేదంది. పాటలు కూనిరాగం తీసింది. ప్రతి శుక్రవారం కాళ్లకి పసుపు రాసుకుని పారాణి పెట్టుకునే మనిషి, ఇప్పుడు రోజూ రాసుకోవడం మొదలుపెట్టింది. పుండు మీద పడకుండా వేళ్లకీ మీగాలికీ దట్టంగా పట్టించేది. ముత్తైదువ ముచ్చట తీర్చుకుంటోంది కదా అని ఎవరూ అడ్డు చెప్పలేదు.

భానుప్రియకి మాత్రం అనుమానం తగిలింది. ఒక మధ్యాహ్నం మామగారిని పెరట్లోకి పిలిచింది. బిలాస్‌పూర్లోనే పుట్టి పెరిగిన పిల్ల, భయమేస్తే నోట్లోంచి హిందీయే వస్తుంది.

"మామయ్యా, అత్తయ్య కాలుతో మాటాడతంది. సచ్ మే. నేను విన్నాను. 'గట్టిగా అట్టుకో, పడిపోతావు' అంటంది. నాకు డర్ లగ్తా హై మామయ్యా."

శంకరరావు లోపలికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఎవులితో మాటాడతన్నావు కనకం?"

కనకం ఆయనవైపు చూసింది. సిగ్గుపడిన ముఖం, పెళ్లినాటి ముఖం. "సిన్నమ్మి ఒచ్చింది బావా."

ఆ పేరు ఆ ఇంట్లో వినపడి ఎన్నేళ్లయిందో. చిన్నమ్మి వాళ్ల రెండో పిల్ల. మూడో ఏడు నిండకుండానే వానాకాలపు జ్వరానికి పోయింది. దానికొక ఆట ఉండేది. అమ్మ ఎడమ పాదం మీద కూర్చుని, పిక్కని రెండు చేతులా వాటేసుకునేది. కనకం ఆ బరువుతోనే వంటిల్లంతా ఈడ్చుకుంటూ నడుస్తూ పప్పు వండేది, అన్నం వార్చేది. దిగమంటే దిగేది కాదు. శంకరరావు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆట అయిపోయి నిద్రపోయేది. తన పాదం మీద కూర్చోబెట్టుకుని ఒక్కసారైనా తిప్పలేదు ఆయన.

"ఏటా మాటలు," అన్నాడాయన.

"మొదట ఏలట్టుకుంది. నిన్నటి నుంచి ఎక్కి కూకుంది. బరువు తెలుస్తంది బావా. అదే బరువు," అంది కనకం. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నవ్వుతోంది.

ఆయన లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. పిచ్చి అనుకోవడానికి మనసొప్పలేదు. ఆ చేతి గుర్తు తనూ చూశాడు మరి. కాని ఒక్కటి ఆలోచించలేదు. నొప్పి లేని పుండు, చల్లబడిన పాదం, రోజూ రాసే పసుపు, ఇవి మూడూ కలిపి చూడాలని ఆయనకి తట్టనే లేదు.

చూసింది భానుప్రియ. పుండు చుట్టూ కడగబోయి, పసుపు గట్టకట్టిందని గోరువెచ్చటి నీళ్లతో వేళ్లు కూడా తుడిచింది. పసుపు కింద బొటనవేలు నల్లగా ఉంది. మిగతా నాలుగూ ముదురు వంకాయ రంగులో ఉన్నాయి. "హే భగవాన్!" అని ఆ పిల్ల అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

మైత్రి ఎంత వెతికినా పాదం మీద నాడి దొరకలేదు. మోకాలి వెనకా దొరకలేదు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపించి పరీక్షలు చేయించింది. తానూ వచ్చింది. సర్జనుతో మాట్లాడి బయటికొచ్చి, శంకరరావు పక్కన బల్ల మీద కూర్చుంది.

"తొడ దగ్గర రక్తనాళం మూసుకుపోయింది మామయ్యగారూ. లోపలి నుంచి రక్తం రాకపోతే పైనుంచి ఎంత ఆక్సిజన్ పెట్టినా కాలు బతకదు. చల్లబడ్డ రోజే చెప్పుంటే ప్రయత్నించేవాళ్లం. ఎందుకు చెప్పలేదు?"

"సల్లబడితే మంచిదనుకున్నానమ్మా," అన్నాడు శంకరరావు.

ఆ పిల్ల రిపోర్టు కాగితాలు మడిచి పక్కన పెట్టింది. ఏం తిడుతుంది? తిట్టడానికి కూడా ఏదో ఒకటి మిగిలుండాలి కదా ఎదుటి మనిషిలో. ఇక మోకాలి పైకి కాలు తీసేయాలని, ఆలస్యమైతే విషం ఒళ్లంతా పాకి ప్రాణమే పోతుందని మెల్లగా చెప్పింది.

కనకం ఒప్పుకోలేదు. డాక్టర్లు చెప్పారు, శివాజీ ఫోన్లో బతిమాలాడు, భానుప్రియ కాళ్లావేళ్లా పడింది. ఊఁహూఁ. జ్వరంతో కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు ఎండిపోయాయి. రెండు చేతులతో ఆ చచ్చిన కాలిని దుప్పటి పైనుంచే కావలించుకుని కూర్చుంది.

"కాలు తీసీత్తే మన గుంట ఎక్కడ కూకుంటాది? సెప్పండి. ఎక్కడ కూకుంటాది?"



శంకరరావు కోడల్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చెప్పు విడిచి, తన ఎడమ కాలు ఎత్తి, మంచం అంచున కనకం పాదం పక్కనే ఆనించాడు. నమ్మి చేశాడా అంటే నమ్మి చేయలేదు. కనకం బతకాలి. దానికోసం ఏ వేషమైనా వేస్తాడు.

"సిన్నమ్మీ," అన్నాడు ఆ పాదంతో. "నాన్నని. ఇనపడతందా? అమ్మకి ఒంట్లో బాగునేదు. అమ్మ కాలు ఒగ్గీసి నా కాలెక్కమ్మా. నానెప్పుడూ తిప్పనేదు నిన్ను. ఇప్పుడు తిప్పుతాను. ఎంతసేపంటే అంతసేపు తిప్పుతాను. రా."

వేషమనుకున్నవాడే తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. కనకం తన పాదాన్నే చూస్తోంది. తర్వాత ఆమె భుజాలు ఒక్కసారిగా కుంగిపోయాయి.

"ఎల్లిపోనాది," అంది. "పిలిస్తే సాలు, నీ కాడికి ఎల్లిపోనాది." అలా అని గోడవైపు తిరిగి పడుకుంది. "ఇంక కోసీమను."

శంకరరావుకి తన కాలి మీద ఏమీ తెలియలేదు. ఏమీ లేదు. బతికిపోయాం అనుకున్నాడు. భార్యని అలా మభ్యపెట్టినందుకు మాత్రం ఆమెవైపు చూడలేక, చెప్పు తొడుక్కుని లేచాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తీసేసిన కాలిని ఏం చేయమంటారని ఆసుపత్రివాళ్లు అడిగితే, శంకరరావు తానే తీసుకెళ్తానన్నాడు. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటో ఎక్కాడు. అర్పా నది ఒడ్డున, పసిపిల్లల్ని పాతిపెట్టే చోటుకి వెళ్లాడు. చిన్నమ్మిని పెట్టింది అక్కడే. ఏ చోటో ఇప్పుడు ఆనవాలు లేదు. తొలి వాన పడి ఇసక తడిగా ఉంది. గొయ్యి తీసేవాడు తీశాడు, ఈయన దించాడు, మట్టి కప్పారు. పట్టపగలు. అవతల ఒడ్డున చాకళ్లు బట్టలు ఉతుకుతున్నారు.

వెనక్కి తిరిగి అడుగు వేయబోతే ఎడమ కాలు లేవలేదు. ఇసకలో కూరుకుపోయిందనుకుని గట్టిగా లాగాడు. లేచింది గాని బరువుగా లేచింది. కింద చూశాడు. పాదం మీద ఏమీ లేదు, అంటుకున్న నాలుగు ఇసక రేణువులు తప్ప. ఇంకో అడుగు వేశాడు. అదే బరువు. పిక్క చుట్టూ రెండు చల్లటి చేతులు మెల్లగా చుట్టుకున్నాయి.

పరిగెత్తి ఉండాల్సింది. ఎవరైనా అదే చేస్తారు. శంకరరావు మాత్రం కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి కాలు ఈడ్చుకుంటూ ఆ తడి ఇసకలో గుండ్రంగా నడిచాడు. ఒకసారి, ఇంకోసారి, మరోసారి. కాలికి దెబ్బ తగిలిందనుకుని ఆటోవాడు గట్టు మీంచి కేకేశాడు, "క్యా హువా కాకా, పైర్ మే చోట్ లగీ క్యా?"

"నహీ బేటా," అన్నాడు శంకరరావు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఏది ఏదో ఆయనకే తెలియదు.

కనకం ఇంటికొచ్చింది. గాయం చక్కగా మానుతోందని మైత్రి సంతోషించింది. కనకం మాత్రం మొగుడితో మాట్లాడటం మానేసింది. పిల్లని తీసేసుకున్నాడని కోపం. అన్నం పెడితే తింటుంది, మందులిస్తే మింగుతుంది, అంతే. రోజుకి ఒక్క మాట మాత్రం అడిగేది, అదీ గోడవైపు చూస్తూ.

"ఎందాకా ఎక్కింది?"

"కాలేళ్ల కాడే ఉంది," అనేవాడు.

అబద్ధం. చీలమండ దాటి రోజులైంది. ఇప్పుడు ఆయనకి చలవంటే ఏమిటో తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఉక్కపోస్తున్నా మేజోళ్లు వేసుకుని తిరిగాడు. కనకాన్ని చూపించడానికి వెళ్లినప్పుడు మైత్రికి కనబడకుండా కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. భానుప్రియ పనిలో ఉన్నప్పుడు పెరట్లో ఒక్కడే గుండ్రంగా నడిచేవాడు. ఎంతసేపంటే అంతసేపని మాటిచ్చాడు కదా. పైగా, చెప్పకేం, ఆయనకి ఆ బరువు ఎంతో హాయిగా ఉంది.

ఒక పొద్దున్న వాన వెలిసి ఎండ కాసింది. పెరట్లోంచి లోపలికొస్తూ శంకరరావు గడప తగిలి తూలాడు. కనకం మంచం మీంచి చూసింది. ఆయన ఎడమ కాలు ఎలా వేస్తున్నాడో చూసింది. పాదం మీద బరువు పెట్టుకుని నడవడం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆమెకంటే తెలిసినవాళ్లెవరు?

"ఇలా రా," అంది. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి సూటిగా ముఖంలోకి చూసి మాట్లాడింది. "కూకో. మేజోడు తియ్యి."

"ఎందుకే ఇప్పుడు..."

"తియ్యమన్నానా!"

తీయలేదాయన. ఆమే మంచం మీంచి నేలకి జారి, చేతుల మీద పాక్కుంటూ వచ్చి, మేజోడు పట్టుకుని లాగేసింది. వేళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. కనకం రెప్ప వేయకుండా చూసింది.

"ఉండనీ కనకం," అన్నాడు శంకరరావు. "ఒక్కనాడూ ఎత్తుకుని తిప్పనేదు దాన్ని. డ్యూటీ డ్యూటీ అని తిరిగేను. ఇప్పుడైనా ఉండనీ."

"నువ్వూ కాలు కోయించుకుంటావేటి? సత్తావేటి?" కనకం గొంతు చీల్చుకొచ్చింది. "నాకు గుంటా కావాల, నువ్వూ కావాల. ఉన్నది రెండు సేతులు. ఎవుల్నని అట్టుకోను? సెప్పు బావా, ఎవుల్ని ఒగ్గను?"

ఆ ఏడుపుకి భానుప్రియ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కనకం కాసేపు అలా ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఆయన పిక్క దగ్గర చేతులు పెట్టింది. పాదం మీద ఏమీ లేదు. ఆమె వేళ్లు మాత్రం దేన్నో పట్టుకుని విప్పుతున్నాయి.

"ఒగ్గమ్మా. నాన్న కాలు ఒగ్గు. మొండికెయ్యకు. ఆఁ... ఇదొకటి. ఈ ఏలు కూడా. ఎంత గట్టిగా అట్టుకుంది సూడు దొంగముండ... ఒగ్గు నా తల్లి, ఒగ్గు."

ఒక్కో వేలు విడుస్తుంటే శంకరరావుకి తెలిసింది. ఆఖరి వేలు దగ్గర కనకం ఆగిపోయింది. తర్వాత దాన్నీ విప్పి, తన పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"నన్ను లేపు బావా."

"ఎక్కడికే?"

"సుట్టాలొస్తేనే గుమ్మం దాకా ఎల్లి పంపుతాం. కన్న గుంటని మంచం కాడ నుంచే తోలీమంటావేటి?"

ఆయన లేపాడు. ఆమె ఒక చెయ్యి ఆయన మెడ చుట్టూ వేసి, రెండో చెయ్యి కిందికి వేలాడేసింది. మూడో ఏడు నిండని పిల్ల పట్టుకుని నడిచేంత కిందికి. ఆయనకి ఎడమ కాలు సరిగా ఆనదు, ఆమెకి అసలు లేదు. పడుతూ లేస్తూ వాకిలి దాటి గేటు దాకా వచ్చారు. రోడ్డు మీద సిర్గిట్టీ వైపు లారీ ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. కనకం ఆ చేతివైపు వంగింది. ఏ గుమ్మం దాటేటప్పుడైనా ఏ తెలుగు పిల్లకీ ఏ తల్లీ నేర్పని మాట, పొరపాటున పిల్ల అంటే నోరు మూసి తప్పని దిద్దే మాట, తన నోటితో తనే నేర్పింది.

"ఎల్లొత్తానని అనకమ్మా. ఎల్తానని సెప్పు."

చెవి ఒగ్గి వింది. శంకరరావుకి ఏమీ వినపడలేదు. కనకానికి వినపడినట్టుంది. తల ఊపి, పిడికిలి విప్పింది.

మరుక్షణమే ఆయన పాదంలోకి నెత్తురు దూసుకొచ్చింది. నిప్పుల మీద పెట్టినట్టు భగ్గుమని మండింది. అబ్బా అని గేటు పట్టుకుని కూలబడ్డాడు.

"నొప్పెడతందా?" అంది కనకం, ఖాళీ చెయ్యి అలాగే చాపుకుని.

"ప్రాణం పోతంది కనకం."

"ఏడువు," అంది. "గట్టిగా ఏడువు బావా." అని, వెనక్కి తిరక్కుండానే కోడల్ని కేకేసింది. "ఒలే భానూ, డాక్టరమ్మ కాడికెల్లాల. ఆటో పిలు."